నెట్టే పని లేని బండి కోసం ఖమ్మం దాకా

ఉదయం ఏడు దాటాక వరంగల్ స్టేషన్లో విజయవాడ వైపు వెళ్లే పాసింజరు ఎక్కాము. నేను, యాకూబ్. ఇద్దరికీ కలిపి ఒకే చేతిసంచి. అందులో మార్చుకోవడానికి బట్టలు, ఒక టార్చిలైటు, నా చిన్న వోల్టుమీటరు, పాత పంచె ముక్కలో చుట్టిన హైడ్రోమీటరు. ఖమ్మంలో ఒక పాత డీజిల్ వ్యాన్ అమ్మకానికి ఉందని విన్నాము. చూసి, బాగుంటే కొని, అదే బండిలో రోడ్డు మీద ఇంటికి రావాలని మా ఆలోచన. అందుకే టికెట్లు పోవడానికి మాత్రమే తీసుకున్నాము. మనిషికి ఎనిమిది రూపాయల లోపే అయింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను వరంగల్‌లో మైకుసెట్లు అద్దెకిచ్చేవాణ్ణి. నర్సంపేట అవతలి ఊళ్లలో పెళ్లి అయినా, హసన్‌పర్తి వైపు జాతర అయినా, కరెంటును నమ్ముకుంటే పరువు పోతుంది. బ్యాటరీ మీదే పాట, బ్యాటరీ మీదే ఉపన్యాసం. ఏడో తరగతితో చదువు ఆగిన నేను బ్యాటరీ సంగతులు ఏ బడిలోనూ నేర్చుకోలేదు. నాలుగైదింటిని నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాక తెలిసిన విద్య అది. అందుకే యాకూబ్ నన్ను వెంటబెట్టుకున్నాడు.

యాకూబ్‌ది వర్ధన్నపేట. అతనికి ఇదివరకు ఒక పెట్రోలు వ్యాన్ ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో కూరగాయలు ఎక్కించుకుని తెల్లవారేలోపు వరంగల్ మార్కెట్టుకు చేర్చేవాడు. ఆ బండి బ్యాటరీ ముసలిదైపోయి, పొద్దున్నే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే తప్ప ఇంజన్ అందుకునేది కాదు. ఒకనాడు హ్యాండిల్ ఎదురు తిరిగి అతని కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు కానీ ఎముక వంకరగా అతుక్కుంది. స్టీరింగు పట్టగలడు, గేరు మార్చగలడు. హ్యాండిల్ తిప్పలేడు, బండిని నెట్టలేడు. ఆ తర్వాత కొన్ని నెలలు అతని భార్య మహబూబీ, ఆమె తల్లి కలిసి రోజూ చీకట్లో బండిని నెట్టారు. బండి కదిలాకే వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగేది. చివరికి ఆ బండి పాత ఇనుము కింద పోయింది. ఏడాదిగా యాకూబ్ ఇంకొకరి దుకాణంలో బస్తాలు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడు ఉన్నదంతా ఊడ్చి రెండో బండి కొంటున్నాడు. ఇది కూడా పొద్దున్నే మొరాయిస్తే మూడోది కొనే శక్తి లేదు.

బయల్దేరే ముందురోజు మహబూబీ మా దుకాణానికి వచ్చి ఒక్కటే చెప్పి పోయింది.

"నర్సన్నా, రంగు ఎట్లున్నా మంచిదే. సీట్లు చినిగినా నేను కుడతా. నేను నెట్టుడు మాత్రం లేకుంట సూడు."

రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. చింతలపల్లి దాటాక, గాజుకు ఏమైనా దెబ్బ తగిలిందేమోనని సంచిలోంచి హైడ్రోమీటరు తీసి చూశాను. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అది జానెడుకు మించిన గాజుగొట్టం. పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజుపుల్ల, దాని మీద అంకెలు. బ్యాటరీ మూత తీసి, గొట్టం ముంచి, బుడ్డి నొక్కి వదిలితే లోపలి యాసిడ్ నీళ్లు పైకి వస్తాయి. పుల్ల ఎంత పైకి తేలితే బ్యాటరీకి అంత బలం.

ఎదురుగా కాళ్ల దగ్గర రెండు పాల క్యాన్లు పెట్టుకుని కూర్చున్న ఆయన నా చేతిలోది చూసి సర్దుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఒక క్యాను సీటు కిందికి తోశాడు. ఇంకాసేపటికి రెండోది.

"సారూ, తమరు పాల ఇన్స్పెక్టరా?" అన్నాడు చివరికి.

నేను జవాబు చెప్పేలోపే పక్కన మిర్చి బస్తా మీద కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "ఏందిరా, గంత భయపడుతానవు? నీ పాలల్ల నీళ్లున్నయా, నీళ్లల్ల పాలున్నయా? సారూ, జర ముంచి సూడు. మేం గూడ తెలుసుకుంటం."

రైలు డబ్బా మొత్తం నవ్వింది. ఇది పాలకు కాదు, బ్యాటరీకి అని చెప్పాను. ఆయన నమ్మినట్టే తల ఊపాడు కానీ నెక్కొండ రాగానే క్యాన్లు ఎత్తుకుని పక్క డబ్బాలోకి మారిపోయాడు. ముసలమ్మ కేసముద్రంలో దిగుతూ యాకూబ్ చేతిలో రెండు జామకాయలు పెట్టింది. "బండి కొన్నంక మా ఊరికి గూడ రా బిడ్డా, మిర్చి ఎక్కిద్దువు" అంది. మహబూబాబాద్‌లో రైలు చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద దొరికిన ఇడ్లీ, పల్లీల చట్నీ తిన్నాము. వేడిగా ఉన్నాయి. డోర్నకల్ దాటి ఖమ్మంలో దిగేసరికి పదకొండున్నర అయింది.

స్టేషన్ నుంచి రిక్షాలో రాఘవయ్య గారి ఇంటికి వెళ్లాము. ఆయన షామియానాలు, కుర్చీలు, ట్యూబులైట్లు అద్దెకిచ్చే మనిషి. సామాను పెరిగి లారీ కొన్నాడు కనుక వ్యాన్ అమ్మేస్తున్నాడు. అరవై దాటిన వయసు, గట్టి గొంతు. ఇంటి ముందు వాకిట్లో వెలిసిన నీలం రంగు వ్యాన్ కడిగి, తుడిచి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ఉంది.

యాకూబ్ చూపు టైర్ల మీదికి పోయింది. నేను తలుపు తీసి సీటు పక్కన ఇంజన్ మూత మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

పాత బండి కొనడానికి వెళ్లేవాళ్లు ముందు చేయవలసింది ఇదే. ఇంజన్ వేడిగా ఉంటే బలం తగ్గిన బ్యాటరీ కూడా మగతనం చూపిస్తుంది. అందులోనూ డీజిల్ ఇంజన్ బరువు. చల్లారిన దాన్ని తిప్పాలంటే బ్యాటరీకి నిజమైన బలం కావాలి. ఈ బండికి హ్యాండిల్ పెట్టే వీలు కూడా లేదు. ఉంటే బ్యాటరీ, లేకపోతే మనుషుల భుజాలు.

"మీరొస్తున్నారని పొద్దున కాలవ దగ్గరికి తీసుకెళ్లి కడిగించామండీ. అందుకే వేడి" అన్నాడు రాఘవయ్య, నేను అడగకముందే. తాళం తిప్పి చూపించాడు. ఒక్క పట్టుకే అందుకుంది.

"మంచిగున్నదన్నా!" అన్నాడు యాకూబ్. అతని మొహం అప్పటికే డ్రైవరు మొహం అయిపోయింది.

"వేడి మీద మంచిగనే ఉంటది" అన్నాను నెమ్మదిగా.

బేరానికి ముందు భోజనం అని రాఘవయ్య పట్టుబట్టాడు. ఆయన భార్య సుభద్రమ్మ వరండాలో ఆకులు వేసి వడ్డించింది. ముద్దపప్పు, గోంగూర, దోసకాయ పులుసు, గడ్డపెరుగు. యాకూబ్ మణికట్టు వంగదు కనుక చేతిని నోటి దాకా తేలేడు. తలనే ఆకు దగ్గరికి వంచి తింటాడు. ఇంట్లో ఇది ఎవరికీ వింత కాదు. కొత్త చోట మాత్రం సిగ్గుపడి రెండు ముద్దలు తిని ఆపేశాడు.

"ఏంది బాబూ, కూరలు నచ్చలేదా?" అంది సుభద్రమ్మ.

"అయ్యో, మస్తున్నయమ్మా. చెయ్యే మాట వినదు."

ఎట్లా విరిగిందో అడిగింది. పాత బండి, పాత బ్యాటరీ, హ్యాండిల్ ఎదురు తిరగడం, మహబూబీ, అత్త కలిసి చీకట్లో నెట్టడం, అంతా చెప్పాడు. నవ్విస్తూనే చెప్పాడు. "మా అత్త నన్ను జీవితంల ఒక్కటే అడిగింది. అల్లుడా, బండికి నన్ను కట్టినవు గని, ఎడ్లకు ఏం తక్కువైందని."

రాఘవయ్య పెద్దగా నవ్వాడు. సుభద్రమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్లి ఒక చెంచా తెచ్చి ఆకు పక్కన పెట్టి, మళ్లీ అన్నం వడ్డించింది. యాకూబ్ ఎడమచేత్తో చెంచా పట్టుకుని కడుపునిండా తిన్నాడు.

భోజనాలయ్యాక రాఘవయ్య తన ధర చెప్పాడు. రెండు గంటలకు బ్యాటరీ పెట్టె మూత తీశాను. తీగలు బిగించే సీసపు కొమ్మల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. అది తుడిస్తే పోతుంది, దానికి భయపడనక్కర్లేదు. ఆరు గదుల మూతలు తీసి ఒక్కొక్కదాన్నే ముంచి చూశాను. ఐదు గదులు పన్నెండు వందల నలభై అటూ ఇటూగా ఉన్నాయి. నాలుగోది మాత్రం పదకొండు వందల తొంభై. రెండోసారి చూశాను, అంతే. ఆ గది పాడైందని పక్కనే నిలబడ్డ రాఘవయ్యకు చెప్పాను. బ్యాటరీని కొలిచేటప్పుడు ఎంత ఎక్కువ ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆరూ ఒకటిగా ఉన్నాయా అన్నది అంతకంటే ముఖ్యం. ఒక గది వెనకబడిందంటే మిగతా ఐదింటినీ వెనక్కి లాగుతుంది.

అప్పుడు నా అలవాటు ప్రకారం జేబులోంచి చాకు తీసి, సీసపు కొమ్మ పక్కన రెండు సన్నటి గీతలు గీశాను. మా మైకుసెట్ల వ్యాపారంలో ఇది తప్పనిసరి. జాతరకు మంచి బ్యాటరీ ఇచ్చి పంపితే, అదే రంగుది ఇంకొకటి, చచ్చినది, తిరిగి వస్తుంది. గీతలు లేకపోతే అడిగే నోరుండదు.

"ఏందండీ ఆ గీతలు?" అన్నాడు రాఘవయ్య.

"అలవాటండీ. పొద్దున్నే వస్తాము. అప్పటిదాకా ఇంజన్ ముట్టుకోకండి. చల్లారిన బండిని చూడాలి."

ఆయన నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "పెళ్లికూతుర్ని నిద్రలేచిన మొహంతో చూస్తానన్నట్టుందండీ మీ వరస!"

"కాపురం చేసేది ఆ మొహంతోనే గదండీ" అన్నాను.

ఆయన నవ్వాడు కానీ కొంచెం నొచ్చుకున్నాడని తెలిసింది.

బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు మంచాల గది తీసుకున్నాము. దోమతెర ఉంది, నీళ్లు ఉన్నాయి, అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. కింద హోటల్లో దోసెలు తింటూ యాకూబ్ బతిమాలడం మొదలుపెట్టాడు.

"ఒక్క గదేనాయె అన్నా. ఇంజన్ సల్లగ పాడుతాంది. తీసుకుందాం."

"ఆరుగురు మోసే పల్లకిల ఒకడు భుజం తీసిండనుకో. ఏమైతది?"

"ఇంక ఐదుగురు ఉంటరు గదా!"

"ఉంటరు. ఎండకాలం దాక మోస్తరు. మళ్ల సలికాలం వచ్చేసరికి నీ పెండ్లాం, నీ అత్త మోయాలె."

దోసె తుంచడం ఆపి, ప్లేటు పక్కకు జరిపాడు. కొత్త బ్యాటరీ కొనడానికి అతని దగ్గర ఏమీ మిగలదని నాకు తెలుసు. బండి వదిలేసి రైల్లో వెనక్కి పోవడమే మంచిదని నేను అప్పటికి తేల్చుకున్నాను. అతనికి చెప్పడానికి మాత్రం తెల్లవారనిద్దాం అనుకున్నాను.

పొద్దున ఆరింటికి మేము వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. రాఘవయ్య వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. నమస్కారం పెట్టి నేరుగా బండి దగ్గరికి వెళ్లాను. ఇంజన్ మూత చల్లగా ఉంది. మాట నిలబెట్టుకున్నాడు అనుకున్నాను. బ్యాటరీ పెట్టె మూత తీసి టార్చి వేశాను.

గీతలు లేవు.

తెల్లపొడి కూడా లేదు. బ్యాటరీ పెట్టె అదే, రంగు అదే, లోపలున్న బ్యాటరీ అది కాదు. గొట్టం ముంచి చూశాను. ఆరు గదులూ పన్నెండు వందల అరవై దగ్గర ఒకే వరసలో ఉన్నాయి. నిన్నటి దానికంటే ఎంతో మంచిది. అదే నన్ను మండించింది. ఈ ఎత్తు నాకు తెలుసు. కొనేవాడు పరీక్ష చేసేటప్పుడు ఎవరిదో మంచి బ్యాటరీ అరువు తెచ్చి పెడతారు. కొన్నవాడు డబ్బు ఇచ్చి తూర్పుకు తిరిగి దండం పెట్టుకునేలోపు పాతది దాని చోటికి వచ్చేస్తుంది.

"రాఘవయ్య గారూ, ఇది నిన్నటి బ్యాటరీ కాదు" అన్నాను.

ఆయన చెయ్యి పైకెత్తాడు. నోటినిండా నురగ, వేపపుల్ల.

"మైకుసెట్లోణ్ణి నేను. ఇసొంటివి ఎన్ని సూసిన! చూపించేది ఒకటి, ఇచ్చేది ఒకటా? యాకూబ్, సంచి తీసుకో."

ఆయన 'ఊఁ ఊఁ' అంటూ రెండో చెయ్యి కూడా ఎత్తాడు. యాకూబ్ సంచి తీసుకోలేదు. నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఈ గొడవకు సుభద్రమ్మ ముగ్గు గిన్నెతోనే బయటికి వచ్చింది.

"ఏందయ్యా, పొద్దున్నే ఆ కేకలు?"

"బ్యాటరీ మార్చిన్రమ్మా."

"మార్చాం. అయితే?"

అంత సూటిగా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

"నిన్న మీరు పోయాక నేనే చెప్పాను ఈయనకి" అంది. "ఆ పిల్లాడి చెయ్యి చూశావుగా. ఆ గీతలాయన ఒక గది పాడైందంటున్నాడు. తెలిసీ ఇస్తే రేపు ఆ ఆడవాళ్లిద్దరూ చీకట్లో మన బండిని నెడుతూ మనల్నే తిట్టుకుంటారు. మన లైట్ల సెట్టుది తీసి పెట్టు అన్నాను. పొద్దుగూకక ముందే పనివాళ్ల చేత మార్పించాడు. ఆ పాతది అరుగు కింద ఉంది చూసుకో, నీ గీతలతో సహా."

అరుగు కింద చూశాను. ఉంది. నా రెండు గీతలూ ఉన్నాయి.

రాఘవయ్య ఈలోపు నోరు కడుక్కుని వచ్చాడు. "నోరు తెరవనిస్తే గదండీ చెప్పడానికి! వేపపుల్ల నోట్లో ఉన్నవాణ్ణి ముద్దాయిని చేశారు."

"క్షమించాలె" అన్నాను. "దీనికి ధర..."

"నిన్నటి మాటే. బండి అంటే బ్యాటరీతో సహానేగా!"

చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను చూసి సుభద్రమ్మ అంది. "గీతలు పెట్టుకో దీనికి కూడా."

"వద్దమ్మా."

"పెట్టుకోవయ్యా. లేకపోతే దారి పొడుగునా దిగి దిగి చూసుకుంటావు."

అందరూ నవ్వారు, నేను కూడా. నవ్వుతూనే చాకు తీసి గీతలు పెట్టాను. అలవాటు అలవాటే.

పరీక్ష మాత్రం మానలేదు. హెడ్‌లైట్లు వేసి పావుగంట వదిలేశాను. తర్వాత వోల్టుమీటరు తీగలు తగిలించి యాకూబ్‌ను తాళం తిప్పమన్నాను. స్టార్టరు తిరిగేటప్పుడు ముల్లు పది వోల్టులకు కిందికి పడితే ఆ బ్యాటరీని నమ్మకూడదు. పదిన్నర దగ్గర ఆగింది. చల్లటి ఇంజన్ రెండు చుట్లు తిరిగి అందుకుంది. యాకూబ్ దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు.

నాకు ఇంకొక లెక్క మిగిలింది. మంచి బ్యాటరీ మాకు ఇచ్చేస్తే పెళ్లిళ్లకు ఆయన లైట్లు వెలిగేదెట్లా? ఆ రోజుల్లో బ్యాటరీ పైన తారు పోసి మూసేవాళ్లు. తారు కరిగించి, పాడైన ఒక్క గదిలో పలకలు మార్చి మళ్లీ మూయవచ్చు. మా దుకాణం వెనక నేను చేసే పనే అది. పాతది నాతో పంపమన్నాను. నాలుగో గది బాగు చేసి రైలు పార్సిల్లో పంపిస్తానన్నాను. రాఘవయ్య వద్దనలేదు. మా ఇద్దరికీ మనసు తేలిక పడింది.

కాగితాల పని, సంతకాలు అయి, టిఫిను తిని బయల్దేరేసరికి పది. సుభద్రమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. యాకూబ్ బిస్మిల్లా అని గేరు వేశాడు. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి చిట్లాయి.

వరంగల్ రోడ్డు అప్పట్లో అక్కడక్కడ గుంతలు, అక్కడక్కడ ఎద్దులబండ్లు. ఈ దారిన వచ్చేవాళ్లు మధ్యాహ్నం లోపు మరిపెడ చేరితే మంచిది, భోజనం దొరుకుతుంది. యాకూబ్ ఏడాది తర్వాత బండి నడుపుతున్నాడు. మొదటి గంట మాట్లాడలేదు. తర్వాత మాటలు ఆపలేదు. ఎన్నింటికి లేవాలి, ముందు ఏ ఊరు, తర్వాత ఏ ఊరు, వంకాయ గంపలు కింద పెట్టాలా పైన పెట్టాలా, అంతా నాకు వినిపించాడు.

మరిపెడలో హోటలు ముందు ఆగాము. అతను దిగాడు కానీ ఇంజన్ ఆపలేదు.

"ఆపు" అన్నాను.

"చాయ్ తాగి పోదాం అన్నా. గంతల్నే ఏముంది, ఉండనీ."

"అన్నం తిందాం. ఆపు."

అతను చుట్టూ చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు అర్థమైంది. వాలు కోసం. పాత బండి రోజుల్లో అతను ఎప్పుడూ ఎత్తు మీదే ఆపేవాడు, బ్రేకు వదిలితే దానంతటది దొర్లాలని. ఇక్కడ నేల చదునుగా ఉంది. హోటల్లో ఇద్దరు ముసలివాళ్లు తప్ప మనుషులు లేరు.

"ఆపితే మళ్ల లేవకపోతే? ఈడ ఎవలున్నరన్నా నెట్టెటందుకు?"

"నేనున్న."

"నీ నడుము నాకు ఎరుకలేదా?" అన్నాడు. అయినా చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది. అంతసేపూ ఆ చప్పుడులో ఉన్నాము కనుక ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైనట్టు అనిపించింది.

అన్నం ఎదురుగా ఉన్నా అతనికి సయించలేదు. బండి వైపే చూస్తూ సగం తిని లేచాడు. నేను నిదానంగా పెరుగన్నం దాకా తిన్నాను. కావాలనే తిన్నాను. వచ్చేసరికి అతను సీట్లో కూర్చుని ఉన్నాడు, తాళం మీద చెయ్యి ఉంది, తిప్పలేదు.

"నువ్వు ఎక్కినంక తిప్పుత అన్నా. ఒక్కనితోని భయమైతాంది."

ఎక్కాను. తిప్పాడు. అందుకుంది. ఎడమచేత్తో స్టీరింగు మీద రెండుసార్లు తట్టాడు, గేదెను తట్టినట్టు.

తొర్రూరులో డీజిల్ పోయించాము. అక్కడ నేను చెప్పకముందే ఇంజన్ ఆపాడు. మళ్లీ స్టార్టు చేశాడు. రాయపర్తి దాటాక ఏ పనీ లేకపోయినా రోడ్డు పక్కన ఆపి, మళ్లీ స్టార్టు చేశాడు. "ఊకె సూసిన" అన్నాడు. నేను వద్దనలేదు. ఇట్లా ఆపి తిప్పితే బ్యాటరీకి మంచిది కాదని చెప్పాలి నిజానికి. ఆ రోజుకు చెప్పలేదు.

నాలుగు గంటలకు వర్ధన్నపేట చేరాము. వాళ్ల ఇంటి ముందు నేల చదును. పాత బండి రోజుల్లో ఇంటి దగ్గర ఆపకుండా నాలుగిళ్ల అవతల మిట్ట మీద ఆపేవాడట. ఈసారి గడప ముందే ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. మహబూబీ, వాళ్లమ్మ బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగారు. అత్తగారు వెనక తలుపును అరచేత్తో తట్టి చూసింది.

"గట్టిగనే ఉన్నది. నెడితె సొట్టపడది" అంది.

"నెట్టుడు లేదత్తా!" అన్నాడు యాకూబ్.

"నువ్వు పోయినసారి గూడ గట్లనే అన్నవు."

చాయ్ తాగుతూ ఖమ్మం సంగతంతా చెప్పాము. నేను కేకలేసిన భాగం దాటేద్దామనుకున్నాను. యాకూబ్ దాటనివ్వలేదు. వేపపుల్లతో రాఘవయ్య ఎట్లా చేతులెత్తాడో చేసి చూపించాడు. మహబూబీ మాత్రం సుభద్రమ్మ మాట దగ్గర ఆపి, మళ్లీ చెప్పమంది. ఆడవాళ్లిద్దరూ చీకట్లో నెడుతూ తిట్టుకుంటారు అన్న మాట.

"ఆమె పేరేందన్నావు?"

"సుభద్రమ్మ."

"మనిషిని సూడలే, మొహం సూడలే" అంది మహబూబీ. "నా భుజాల సంగతి ఆమెకు ఎర్కైంది."

ఈ ప్రయాణం గురించి నేను చెప్పగలిగింది కూడా అంతే. పాత బండి కొనడానికి వెళ్లేవాళ్లకు ఇంజన్ మీద చెయ్యి వేసి చూడమని, ఆరు గదులూ సమానమా చూడమని, చల్లారనిచ్చి స్టార్టు చేయమని చెబుతాను. ఇవన్నీ కొలతలు, ఎవరైనా నేర్చుకోవచ్చు. మేము మంచి బ్యాటరీతో తిరిగొచ్చింది మాత్రం నా కొలతల వల్ల కాదు. ఆ ఇంట్లో అన్నం వడ్డించే మనిషి, తినే చేతిని చూసింది. నేను బాగు చేసి పంపిన పాత బ్యాటరీ అందిందని, పెళ్లిలో తెల్లవార్లూ వెలిగిందని రాఘవయ్య తర్వాత కబురు పంపాడు. సీసపు కొమ్మ దగ్గర నా గీతల పక్కన తనవి కూడా రెండు గీశాడట.

ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు నన్ను వరంగల్‌లో దింపడానికి యాకూబ్ లేచాడు. బస్సులో పోతానన్నా వినలేదు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. పాత బ్యాటరీ నా కాళ్ల దగ్గర ఉంది. అతను తలుపు వేసుకుని జేబులోంచి తాళం తీశాడు. ఆ తలుపు చప్పుడు వినగానే మహబూబీ చాయ్ గ్లాసులు అరుగు మీద పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని వెనక్కి వెళ్లింది. వెనకాలే వాళ్లమ్మ కూడా. ఎవరూ పిలవలేదు. కొన్ని నెలలు రోజూ చేసిన పని, ఒంటికి అలవాటైన పని. పక్క అద్దంలో కనిపిస్తున్నారు. ఇద్దరూ కాళ్లు నేలకు తన్నిపెట్టి, అరచేతులు బండికి ఆనించి, తలలు వంచి ఉన్నారు.

యాకూబ్ కూడా అద్దంలో చూశాడు. తాళం తిప్పాడు.

బండి లేచి కదిలింది. అద్దంలో చూస్తే ఇద్దరూ రోడ్డు మధ్యలో చేతులు ముందుకు చాపుకుని అట్లాగే నిలబడి ఉన్నారు. చేతుల ముందు బండి లేదు. మొదట నవ్వింది అత్తగారు.